మెదడు స్కాన్‌లో తెల్ల చుక్కలు కనిపించాయి, పక్షవాతం వస్తుందా?

గోదావరి జిల్లాల్లోని ఒక చిన్న టౌన్ నుంచి 38 ఏళ్ల లెక్కల టీచర్ రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. ఉత్తరం నాలుగు పేజీలుంది, కుదించి చెబుతున్నాను.

పదో తరగతి నుంచీ ఆమెకు ఒంటిపక్క తలనొప్పి ఉంది. గట్టిది నెలకు నాలుగైదుసార్లు వస్తుంది. వచ్చే ముందు బోర్డు మీద 4836 అని రాస్తుంటే చివరి రెండంకెలు కనబడకుండా పోతాయట. ఆ ఖాళీ అంచున వంకరటింకర గీతలు మిలమిలలాడుతూ మెల్లగా పక్కకు పాకుతాయి. 20 నిమిషాలకు చూపు మామూలవుతుంది. ఒక్కోసారి ఆ వెంటనే కుడిచేతి వేళ్లు, తర్వాత పెదవి తిమ్మిరెక్కుతాయి. ఆపైన ఎడమ కణతలో పోట్లు, వాంతి, తలుపులేసుకుని చీకట్లో పడుకోవడం.

నాలుగు నెలల కిందట న్యూరాలజిస్టు ఎమ్మారై తీయించారు. రిపోర్టులో ఇలా ఉంది: "టీ2, ఫ్లెయిర్‌లలో రెండువైపులా ఫ్రాంటల్ సబ్‌కార్టికల్ వైట్ మ్యాటర్‌లో కొద్దిపాటి చిన్న హైపర్‌ఇంటెన్సిటీలు. నాన్ స్పెసిఫిక్. మైగ్రేన్ సంబంధిత మార్పులు, స్మాల్ వెసెల్ ఇస్కీమియా, డీమైలినేషన్‌లను పరిశీలించవచ్చు. క్లినికల్ కొరిలేషన్ అవసరం." అంటే మెదడు ముందు భాగంలో రెండువైపులా కొన్ని చిన్న తెల్ల చుక్కలున్నాయి, కారణం మైగ్రేన్ కావచ్చు, సన్నటి రక్తనాళాల్లో రక్తం తగ్గడం కావచ్చు, నరాల తొడుగు దెబ్బతినడం కావచ్చు, మనిషిని చూసి తేల్చాలి అని. డాక్టర్ "ఏం ఫర్వాలేదు, మైగ్రేనే" అని, మైగ్రేన్ రాకుండా ఆపే టోపిరమేట్ మాత్రలు రాసి పంపించేశారు. రిపోర్టు మాత్రం ఇంటికొచ్చింది. హైదరాబాద్‌లో ఉన్న ఆడపడుచు దాన్ని వాట్సాప్‌లో తెప్పించుకుని, గూగుల్‌లో చూసి, మల్టిపుల్ స్క్లిరోసిస్ (నరాల తొడుగు దెబ్బతినే జబ్బు) కావచ్చని చెప్పింది. అత్తగారు చుట్టాలకు "కోడలికి మెదడులో మచ్చలట" అని చెప్పేశారు. భర్త స్కూటీ తాళం దాచేశారు. ఉద్యోగం మానెయ్యమంటున్నారు, ఆరు నెలలకోసారి ఎమ్మారై తీయిద్దామంటున్నారు. ఎవరో చెబితే వెళ్లిన ఒక క్లినిక్‌లో నరాల బలానికి పది సెలైన్లు ఎక్కించుకోవాలన్నారు.

ఆమె తండ్రికి 61వ ఏట పక్షవాతం వచ్చి మంచానపడ్డారు. మూడు నెలలుగా ఆమెకు మాటలు సమయానికి తట్టడం లేదు. మొన్న క్లాసులో "హారం" అన్న మాట గుర్తురాక "అదే, గీత కింద ఉండేది" అనేసరికి పిల్లలు నవ్వారట. "లెక్కల టీచర్‌కి హారం గుర్తురాకపోతే ఇంకేం మిగిలిందండీ?" అని రాశారు. పుట్టింట్లో అమ్మ "ఈ సంగతి ఎక్కడా అనకు, రేపు పిల్ల పెళ్లికి అడ్డొస్తుంది" అంటున్నారు. ఆ పిల్లకు 12 ఏళ్లు, ఈ మధ్య తనకూ తలనొప్పి మొదలైంది.

ఇక దారిలో వచ్చిన రెండు మాటలు. నెలసరి సరిగా రాక, వస్తే ఎక్కువగా అవుతుండటంతో రెండేళ్లుగా గైనకాలజిస్టు రాసిన హార్మోన్ మాత్రలు వాడుతున్నారు, పిల్లలు వద్దనుకున్నారు కాబట్టి దానికీ అవే. వారంలో మూడు రోజులైనా మెడికల్ షాపులో కొన్న తలనొప్పి మాత్ర వేసుకుంటారు.

అమ్మా, మీరు అడిగిందంతా చుక్కల గురించే. నాకు కంగారు పుట్టించింది మాత్రం మీరు దారిలో చెప్పేసిన ఆ రెండు మాటలు. వాటి దగ్గరికి వస్తాను. ముందు చుక్కల సంగతి తేల్చకపోతే మిగతాది మీ చెవికెక్కదు.

మెదడు పైపొరలో నాడీకణాలు ఉంటాయి. వాటినుంచి లోపలికి పోయే సన్నటి తంతువులకు మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. ఆ తొడుగు వల్ల లోపలి భాగం తెల్లగా ఉంటుంది, అదే వైట్ మ్యాటర్. ఫ్లెయిర్ అన్నది ఎమ్మారైలో ఒక పద్ధతి. మెదడు చుట్టూ, లోపలి గదుల్లో ఉండే నీటిని నల్లగా అణిచేసి, కణజాలంలో మామూలుకన్నా నీటి పాలు ఎక్కువైన చోటును తెల్లగా చూపిస్తుంది. వానాకాలంలో గోడ మీద కనిపించే చెమ్మ మరకకూ దీనికీ పెద్ద తేడా లేదు. చెమ్మ ఉందని మరక చెబుతుంది గానీ అది పైపుదా, స్లాబుదా, పక్కింటి గోడదా అన్నది చెప్పదు. "నాన్ స్పెసిఫిక్" అని రాసింది అందుకే. ఫిల్ము చూసిన రేడియాలజిస్టు మిమ్మల్ని చూడలేదు, మీ బోర్డు మీద మాయమైన అంకెల గురించి వినలేదు. కాబట్టి ఉండటానికి వీలున్న మూడు కారణాలూ రాసి, తేల్చే పని మీ డాక్టరుకు వదిలారు. మూడు జబ్బులూ ఉన్నాయని దాని అర్థం కాదు.

మల్టిపుల్ స్క్లిరోసిస్ మచ్చలకు ఇష్టమైన చోట్లు కొన్నున్నాయి. మెదడు లోపలి నీటి గదుల అంచులు, రెండు అర్ధగోళాలను కలిపే కార్పస్ కెలోసమ్, మెదడు కాండం, వెన్నుపాము. మీ రిపోర్టులో వీటిలో ఒక్కటీ లేదు. పైగా ఆ జబ్బులో చూపు తగ్గినా, కాలు బలహీనపడినా రోజులు, వారాల తరబడి ఉంటుంది. 20 నిమిషాల్లో వచ్చిపోయేది మైగ్రేన్ ముందు వచ్చే ఆరా. మీ ఆడపడుచు గారు ప్రేమతోనే వెతికారు, కాదనను. కానీ గూగుల్‌కి మీ రిపోర్టులోని మాటలే తెలుసు, మీరు తెలియదు.

మైగ్రేన్ ఉన్నవాళ్లలో ఈ చుక్కలు మామూలు జనంకన్నా ఎక్కువగా కనిపిస్తాయని చాలాకాలంగా తెలుసు. నెదర్లాండ్స్‌లో "కెమెరా" పేరుతో ఒక అధ్యయనం జరిగింది. ఆస్పత్రికి వచ్చిన రోగులతో కాకుండా ఊళ్లో మామూలుగా బతుకుతున్నవాళ్లను తీసుకుని చేశారు కాబట్టి దానికి విలువ ఎక్కువ. 2004లో వచ్చిన ఫలితాల్లో మైగ్రేన్ ఉన్న ఆడవాళ్లలో లోతైన వైట్ మ్యాటర్ చుక్కలు ఎక్కువగా ఉన్నాయి, మగవాళ్లలో ఆ తేడా లేదు. తొమ్మిదేళ్ల తర్వాత వాళ్లలో చాలామందికి మళ్లీ ఎమ్మారై తీసి 2012లో ప్రచురించారు. మైగ్రేన్ ఉన్న ఆడవాళ్లలో నూటికి 77 మందికి చుక్కలు పెరిగాయి. ఇక్కడ ఆగితే గుండె గుభేలుమంటుంది. మైగ్రేన్ లేని ఆడవాళ్లలోనూ నూటికి 60 మందికి పెరిగాయి! ఎన్నిసార్లు తలనొప్పి వచ్చింది, ఎంత గట్టిగా వచ్చింది, ఏ మందు వాడారు అన్నవాటికీ, ఆ పెరుగుదలకూ సంబంధం కనబడలేదు. జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి పరీక్షల్లో కూడా చుక్కలున్నవాళ్లు వెనకబడలేదు. 2011లో ఫ్రాన్స్‌లో సగటున 69 ఏళ్ల వయసున్న 780 మందిని పరిశీలించిన అధ్యయనంలోనూ ఇదే తేలింది. తలనొప్పి చరిత్ర ఉన్నవాళ్లకు చుక్కలు ఎక్కువ, బుర్ర పనితీరులో తేడా లేదు. అసలు మైగ్రేన్‌లో ఇవి ఎందుకు వస్తాయన్నది శాస్త్రవేత్తలకే ఇంకా తెగలేదు.

మరి ఇంటర్నెట్‌లో "వైట్ మ్యాటర్ మార్పులంటే స్ట్రోక్, మతిమరుపు" అని ఎందుకుంది? అదీ అబద్ధం కాదు. వయసు మళ్లి, ఏళ్ల తరబడి బీపీ, షుగర్ ఉన్నవాళ్లలో ఈ మచ్చలు ఒకదానితో ఒకటి కలిసిపోయి పెద్దవైతే అది రక్తనాళాలు చెడుతున్నాయనడానికి గుర్తు. మీ రిపోర్టులో ఉన్న "కొద్దిపాటి", "చిన్న" అన్న రెండు మాటలనూ ఇంట్లో ఎవరూ చదివినట్టు లేదు.

మీ నాన్నగారి సంగతి. వంశంలో చాలామందికి చిన్న వయసులోనే పక్షవాతాలు వచ్చి, దానికి ఆరా మైగ్రేన్ తోడైతే క్యాడాసిల్ అనే అరుదైన జన్యు జబ్బును అనుమానించాలి. 61 ఏళ్లకు, బీపీ ఉండి, చుట్ట మానని మనిషికి (ఇదీ మీరు రాసిందే) పక్షవాతం వస్తే దాన్ని వెతుక్కుంటూ వంశవృక్షం దాకా పోనక్కర్లేదు. ఆయన నుంచి మీరు నేర్చుకోవాల్సింది బీపీ గురించి. నాలుగు పేజీల్లో మీ బీపీ ఎంతో ఒక్కచోటా రాయలేదు. ఎప్పుడైనా చూపించుకున్నారా?

ఇప్పుడు అసలు విషయం. మీకున్నది ఆరాతో వచ్చే మైగ్రేన్. ఆరా ఉన్నవాళ్లకు, లేనివాళ్లతో పోలిస్తే, మెదడు రక్తనాళం మూసుకుపోయే పక్షవాతం ముప్పు సుమారు రెండింతలు. ఈ వయసు ఆడవాళ్లలో పక్షవాతం అసలే అరుదు కాబట్టి రెండింతలైనా చిన్న ముప్పే. కానీ దాని మీద ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పడితే ఇంకా పెరుగుతుంది, సిగరెట్ తోడైతే మరీను. అందుకే ఆరా మైగ్రేన్ ఉన్నవాళ్లు ఏ వయసులోనైనా ఈస్ట్రోజెన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు వాడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీరు వాడుతున్నది అలాంటిదేనా? షీటు వెనక చూడండి, "ఎథినైల్ ఈస్ట్రడయాల్" అని ఉంటే అదే.

గైనకాలజిస్టును తిట్టుకోకండి. నెలసరి గురించి వెళ్లినప్పుడు "కళ్ల ముందు గీతలు పాకుతాయి" అని మీరు చెప్పి ఉండరు, న్యూరాలజిస్టు దగ్గర నెలసరి మాత్రల ఊసు వచ్చి ఉండదు. ఒక మాత్ర అక్కడా, ఇంకోటి ఇక్కడా, మూడోది షాపులో. మూడు షీట్లూ ఒకే బల్ల మీద పెట్టి చూసినవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు.

ఈ వారంలోనే గైనకాలజిస్టును కలవండి. అంతవరకూ ఆగకుండా ఫోన్లో అడిగి మాత్ర ఆపేయడం ఒక దారి. నా మొగ్గు అటే. ఆపిన నాలుగైదు రోజుల్లో రక్తస్రావం అవుతుంది, ఈస్ట్రోజెన్ పడిపోవడం వల్ల ఒక గట్టి తలనొప్పి కూడా రావచ్చు. దాన్ని చూసి మాత్రే మంచిదనుకుని మళ్లీ మొదలుపెట్టకండి. టోపిరమేట్ వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకు హాని కాబట్టి వేరే గర్భనిరోధకం లేకుండా ఒక్కరోజు కూడా ఉండకూడదు, అప్పటికి కండోమ్ వాడండి. తర్వాతి ఏర్పాటుగా కాపర్-టీలో హార్మోన్ అసలే ఉండదు, కానీ మీకు ఇప్పటికే ఎక్కువైన రక్తస్రావం దానివల్ల ఇంకా పెరగొచ్చు. హార్మోన్ లూప్‌లో ప్రొజెస్టిన్ అనే వేరే హార్మోన్ మాత్రమే ఉంటుంది, చాలామందికి రక్తస్రావం బాగా తగ్గుతుంది. ఖర్చు ఎక్కువ, మొదటి కొన్ని నెలలు చుక్కచుక్కగా కనబడి విసిగిస్తుంది. ప్రొజెస్టిన్ ఒక్కటే ఉండే మాత్రలూ ఉన్నాయి, వాటిని రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. మీ గర్భసంచి స్కానూ, రక్తహీనత ఉందా లేదా అన్నదీ చూసి ఆవిడ చెబుతారు. మీరు చెప్పాల్సింది మాత్రం ఒకటుంది: "నాకు ఆరాతో మైగ్రేన్ ఉంది." ఈ మాట కాగితం మీద రాసుకుని వెళ్లండి.

తలనొప్పి మాత్ర సంగతి. వారానికి మూడు రోజులంటే నెలకు 12, 13 రోజులు. రెండు మూడు మందులు కలిపిన నొప్పి మాత్రలు నెలకు 10 రోజులు, ఉత్త పారాసెటమాల్ లాంటివి 15 రోజులు దాటి మూడు నెలలకు మించి వాడితే, ఆ మాత్రలే తలనొప్పిని తెచ్చిపెడతాయి. గట్టి తలనొప్పి నెలకు నాలుగైదుసార్లే అంటున్నారు, మాత్ర 12 రోజులు వేస్తున్నారు. మిగతా రోజుల నొప్పి ఎక్కడిదో ఆలోచించండి. ఆపితే మొదటి వారం, పది రోజులు నరకంగా ఉంటుంది, దాచిపెట్టడం లేదు. దసరా సెలవుల్లోనో, పరీక్షలైపోయాకో పెట్టుకోవచ్చు. స్కూలు నడుస్తుండగా మొదలుపెడితే మధ్యలో వదిలేసే అవకాశం ఎక్కువ. అటాక్ వచ్చిన రోజుకు వేరే మందు, ట్రిప్టాన్లు గానీ నాప్రోక్సెన్ గానీ, ఎప్పుడు ఎంత అన్నది డాక్టరుతో ముందే రాయించుకోండి. ట్రిప్టాన్లు గుండెజబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లకు పనికిరావు. మళ్లీ బీపీ దగ్గరికే వచ్చాం చూశారా.

హారం ఎందుకు మాయమైందో కూడా మీ ఉత్తరంలోనే ఉంది. టోపిరమేట్ మొదలై నాలుగు నెలలు, మాటలు తట్టకపోవడం మూడు నెలలుగా. సరైన మాట నాలుక చివర దాకా వచ్చి ఆగిపోవడం ఆ మందుకు బాగా తెలిసిన దుష్ఫలితం. వేళ్ల చివర చిమచిమలు కూడా వస్తాయి. మందు తగ్గిస్తేనో, ఆపితేనో సర్దుకుంటుంది. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించుకోవాలి. ఇక్కడా బేరం ఉంది. తలనొప్పులు సగానికి తగ్గి ఉంటే, డోసు తగ్గించి చూద్దామనొచ్చు. ప్రొప్రనలాల్‌కి మారితే మాటల ఇబ్బంది ఉండదు, ఆస్తమా ఉన్నవాళ్లకు పనికిరాదు. అమిట్రిప్టిలిన్ నిద్ర పట్టిస్తుంది, ఒళ్లు పెంచుతుంది, పొద్దున మొదటి పీరియడ్ మత్తుగా ఉంటుంది. ఫ్లూనరిజిన్‌తోనూ మత్తు, బరువు, కొందరిలో మనసు దిగులు. లెక్కలు చెప్పే మనిషికి ఏది తక్కువ నష్టమో మీరే చెప్పాలి, డాక్టరు ఊహించలేరు.

సెలైన్లకు డబ్బు తగలేయకండి. చుక్కలను చెరిపే మందు లేదు. బీ12 పరీక్ష మాత్రం చేయించుకోండి, అది తక్కువైతే తిమ్మిర్లూ వస్తాయి, వైట్ మ్యాటర్ మార్పులూ వస్తాయి. దాంతోపాటు షుగర్, కొలెస్ట్రాల్. గతంలో మళ్లీ మళ్లీ గర్భస్రావాలు గానీ, కాలిలో రక్తం గడ్డకట్టడం గానీ జరిగి ఉంటే అదీ చెప్పండి, ఇంకో రక్తపరీక్ష రాస్తారు.

ఆరు నెలలకోసారి ఎమ్మారై అన్న మీవారి మాట. ఎమ్మారైలో ఎక్స్‌రే కిరణాలు ఉండవు కాబట్టి తీస్తే ఒంటికి నష్టం లేదు. నష్టం జేబుకీ, మనశ్శాంతికీ. ప్రతిసారీ ఒక కొత్త రేడియాలజిస్టు, ఒక కొత్త విశేషణం, ఆడపడుచు గారి నుంచి ఒక కొత్త ఫోను. దానికన్నా ఇప్పటి స్కాన్ సీడీనే పట్టుకెళ్లి, రిపోర్టుతో సరిపెట్టకుండా బొమ్మలు చూడమని న్యూరాలజిస్టును అడగండి. చుక్కలున్న చోటు చూసి ఆయన ధైర్యంగా ఉంటే మళ్లీ తీయనక్కర్లేదు. ఆయనకే ఏదైనా తేడా అనిపిస్తే ఏడాది తర్వాత ఒక్కసారి తీయించి పోల్చడం సబబు. తలనొప్పి తీరు మారినా, రోజుల తరబడి ఉండే కొత్త లక్షణం వచ్చినా అప్పుడు తీయాల్సిందే.

స్కూటీ తాళం వెనక్కి తీసుకోండి. ఆరా మొదలైతే బండి పక్కకు ఆపి, గీతలు పూర్తిగా పోయేదాకా కదలకూడదు. ఇది మాత్రం గట్టి నియమం. ఆరాకూ పక్షవాతానికీ తేడా ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. 1941లో కార్ల్ లాష్లీ అనే అమెరికన్ శాస్త్రవేత్త తన కళ్ల ముందు పాకే గీతలను కాగితం మీద గీసి, లెక్కకట్టి, మెదడు మీద ఏదో నిమిషానికి 3 మిల్లీమీటర్ల చొప్పున పాకుతోందని చెప్పారు. 1944లో బ్రెజిల్‌కు చెందిన లియావ్ కుందేళ్ల మెదడు మీద అలాంటి అలనే చూశారు. అంత నెమ్మది కాబట్టే మీకు తిమ్మిరి వేళ్ల నుంచి పెదవికి రావడానికి నిమిషాలు పడుతుంది. పక్షవాతం అలా పాకదు, ఒక్కసారిగా పడుతుంది. మూతి వంకర, చెయ్యి ఎత్తలేకపోవడం, మాట ముద్దగా రావడం హఠాత్తుగా జరిగితే, లేదా ఎప్పటిలాంటి ఆరాయే అయినా గంట దాటినా పోకపోతే, 108కి ఫోన్ చేయాలి. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు. "కాసేపు పడుకుంటే తగ్గుతుంది" అన్న మాట ఆ రోజు ఎవరి నోటా రాకూడదు.

ఉద్యోగం మానేస్తే చుక్కలు తగ్గవు. ఖాళీ కడుపుతో బయల్దేరి, మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చే పరుగు తప్పుతుంది, దానివల్ల తలనొప్పులు కొంత తగ్గొచ్చు. దానికి బదులుగా జీతమూ, మీరు ఇష్టపడి చేసే పనీ పోతాయి, ఇంట్లో రోజంతా "మచ్చల కోడలు"గా ఉండాలి. మధ్యేమార్గంగా హెడ్మిస్ట్రెస్‌కు మైగ్రేన్ అని చెప్పి, అటాక్ వచ్చిన రోజు ఒక గంట చీకటి గది, పీరియడ్ మార్చుకునే వీలు అడగొచ్చు. కొందరు అర్థం చేసుకుంటారు, కొందరు ఇంక్రిమెంట్ దగ్గర గుర్తుపెట్టుకుంటారు. ఆవిడ ఎలాంటి మనిషో మీకు తెలుసు. స్కాన్ సంగతి చెప్పాల్సిన పని మాత్రం లేదు. ఈసారి న్యూరాలజిస్టు దగ్గరికి మీవారిని వెంటబెట్టుకెళ్లండి. ఆయన దాచింది స్కూటీ తాళమే అయినా దాని వెనక ఉన్నది మీ నాన్నగారి మంచం. మీరు నచ్చజెబితే వాదన అవుతుంది, అదే మాట డాక్టరు నోట వింటే సద్దుమణుగుతుంది.

మీ అమ్మగారి భయం నాకు అర్థమవుతుంది. కానీ అత్తగారు ఇప్పటికే చాటేశారు కదా, ఇక దాచడానికి ఏముంది? ఎవరైనా అడిగితే "మైగ్రేన్ ఉన్న చాలామందికి ఉండేవేనట, డాక్టరు చూసి చెప్పారు" అనండి చాలు. పాప విషయానికొస్తే, మైగ్రేన్ కుటుంబాల్లో నడుస్తుంది, తల్లికి ఉంటే పిల్లకు రావడం వింత కాదు. ముందు కళ్ల పరీక్ష చేయించి, పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి. పరీక్షలో తేడా లేకపోతే ఎమ్మారై అవసరం ఉండదు. నిద్రలోంచి లేపే తలనొప్పి, పొద్దున్నే వాంతులు, నడకలో తూలు, రోజురోజుకూ పెరిగే నొప్పి ఉంటే మాత్రం వెంటనే తీసుకెళ్లాలి. అంతవరకూ పొద్దున టిఫిన్ తినకుండా బస్సెక్కనివ్వకండి, మీ డబ్బాలోని తలనొప్పి మాత్ర తనకు ఇవ్వకండి.